తమలపాకుల డబ్బా కింది ల్యాప్‌టాప్

భరణి కార్తె, సోమవారం

ఈసారి నేను కాగితం మీదే రాస్తాను. ల్యాప్‌టాప్‌లో కొట్టుకుంటే పోయేదానికి ఈ తిప్పలెందుకని రాజేశం కాక అన్నాడు. ఆయన మా బొగ్గుబాయికి పెద్ద, ఆయన మాటను కొట్టిపారేయలేం. అయినా ఈ ఒక్క విషయంలో వినను. పోయినేడు అందులోనే రాశాను. అది పోతూ పోతూ నా రాతంతా వెంట తీసుకుపోయింది.

నేను స్వరూపను. గాలి గది చూసుకోవడం నా పని. మా బాయిలో బొగ్గు తవ్వడం ఏనాడో మానేశారు. శివరాత్రి వెళ్లగానే మంచాలు, బియ్యం బస్తాలు, మేకలతో సహా ఊరంతా ఇందులోకి దిగుతాం. మిరుగు కార్తెలో నాలుగు తొలకరి చినుకులు పడ్డాకే పైకెక్కుతాం. ఈ నడుమ పగటిపూట పైన ఎండలో తిరిగిన మనిషి సాయంత్రానికి దక్కడం కష్టం.

కింద చల్లగానే ఉంటుంది, ఊపిరే సమస్య. పైనున్న పెద్ద ఫ్యాను గాలిని లోపలికి తోస్తుంది. ఏ గల్లీకి ఎంత గాలి పోవాలో చూసి ఇనప తలుపులను తెరిచేదీ మూసేదీ ల్యాప్‌టాప్. అది ఆగిందా, తలుపులన్నీ వాటంతటవే మూసుకుంటాయి. మంటలు లేస్తే పొగ పాకకూడదని పాతకాలం వాళ్లు అలా కట్టారు. వాళ్లకు మంట భయం. మాకు ఆ తలుపుల భయం.

మూడో తలుపు వెనక మా ఇల్లు. మా అత్త ఓదెమ్మ, నేను, మా ఆయన తిరుపతి ఉంటాం. తిరుపతిది కింద నీళ్ల పంపుల దగ్గర పని. అత్తకు ఆయాసం. గాలి కొంచెం తగ్గితే చాలు, మంచం పట్టె పట్టుకుని కూర్చుంటుంది.

పోయినేడు గాలి గది పని ఓదెమ్మ భర్త, మా మామ చూసేవాడు. రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద ‘ఆయుష్షు తీరింది, కొత్తది తీసుకోండి’ అని పడింది. తలుపులు ధన్‌ధన్‌మని మూసుకున్నాయి. ఒక్కో తలుపుకు బయటివైపు ఒక చక్రం ఉంటుంది. చేత్తో తిప్పితే తెరుచుకుంటుంది, చెయ్యి తీస్తే మళ్లీ మూసుకుంటుంది. మూడో తలుపు చక్రం ఉన్న మూల చెడుగాలి నిలిచే చోటు. అది మా మామ మొండయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెలిసే పోయి పట్టుకున్నాడు. నేను స్టోరు గది నుంచి ఇంకో ల్యాప్‌టాప్ తెచ్చి బిగించేదాకా వదల్లేదు. గల్లీలో ఉన్న వాళ్లందరూ దక్కారు, మామ దక్కలేదు.

అప్పుడు నేను బిగించినదే ఇప్పుడు నా ముందున్నది. ఏడాది నిండకముందే దాని మెడ విరిగింది. తెర వెనక్కి వాలిపోకుండా పాత చీర అంచు చింపి కట్టాను. అది చాలదన్నట్టు ఇవాళ కింది భాగం కొంచెం ఉబ్బినట్టు అనిపించింది. నా కళ్లకే అలా ఉందేమో తెలియదు.

భరణి, శుక్రవారం

నా కళ్లకే కాదు. ఉబ్బింది నిజమే.

లోపలి బ్యాటరీ పూరీలా పొంగుతున్నది. బల్ల మీద పెడితే సమంగా నిలబడదు, నొక్కితే ఊగుతుంది. రోజూ పొద్దున లేవగానే జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టి చూస్తున్నాను. వేడిగానే ఉంటుంది.

తీసి చూద్దామంటే తీసే దారి లేదు. అడుగున ఒక్క మర లేదు. అంతా జిగురు. కత్తి మొన పెట్టి లేపితే తనను తాను చంపుకుంటుంది. పక్క బాయిలో ఒకరు లేపి చూశారు, వెంటనే ‘ఆయుష్షు తీరింది’ అని పడిందట. మనం కొన్న వస్తువు పొట్ట మనం చూడకూడదు, అదీ దాని పౌరుషం.

మామ కాలంలో మొదటి ల్యాప్‌టాప్ ఉండేది. కూర్చునే పీటంత మందం. చుట్టూ మరలు. దసరాకు ఒకసారి విప్పి, కుంచెతో దుమ్ము దులిపి, అరిగినదాన్ని మార్చి మళ్లీ బిగించేవాడు. ఎన్నో ఎండాకాలాలు నడిచింది. దాన్ని తీసేసింది కూడా పాడైనందుకు కాదు. తలుపులకు కొత్తగా పెట్టిన మోటార్లు దాని మాట వినమన్నాయి. తర్వాత వచ్చిన ప్రతిదీ ముందుదానికంటే సన్నం, ముందుదానికంటే అల్పాయుష్షు. ఆయుష్షు తీరినవాటిని మిరుగు తర్వాత బండెక్కించి పంపేస్తుంటాం.

ఒక్కదాన్ని మాత్రం అత్త పంపనివ్వలేదు. మామ పోయిన రోజు ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ను. పోయిన మిరుగులో బండి గట్టయ్య తీసుకుపోవడానికి వస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

“దీన్ని పంపేది లేదు. ఇది నా కండ్ల ముందటనే తుప్పు పట్టాలె” అన్నది.

అప్పటినుంచి పైకెక్కినా, కిందికి దిగినా అది మా ఇంట్లో నేల మీద పడి ఉంటుంది. దాని వీపు మీద అత్త తమలపాకుల డబ్బా, సున్నపు డబ్బీ పెట్టుకుంటుంది. పొద్దున ఆకుకు సున్నం రాస్తూ దానికి సుప్రభాతం చదువుతుంది.

“ఏం రా సచ్చినోడా, నా మొగన్ని మింగి సల్లగ పన్నవా? పండు. గిట్లనే పండు.”

తిరుపతికి మొదట్లో బాధగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆమె ఎవరిమీదనో ఒకరిమీద కోపం తీర్చుకోవాలి కదా అంటాడు.

కొత్త ల్యాప్‌టాప్ కావాలని ఇవాళ కబురు పెట్టాం.

కృత్తిక కార్తె, ఆదివారం

తెల్లవారకముందే గట్టయ్య బండి వచ్చింది. బండి దిగి నేరుగా కుండ దగ్గరికి పోయి, చెంబెడు నీళ్లు తాగి, ఇంకో చెంబు నెత్తిన పోసుకున్నాకే మాట్లాడాడు. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. ఖాళీది ఇచ్చాడేమోనని తెరిచి చూశాను.

“గిదేంది గట్టయ్యా, బరువే లేదు?”

“లోపల ఏమన్న ఉంటెగదక్కా బరువుండేది!”

“నవ్వకు. ఎన్నేండ్లు వస్తది?”

“ఏండ్లా? గీ ఎండకాలం ఎల్లదీస్తే దండం పెట్టుకో.”

అప్పడమంత పల్చన. మూత పైన కూడా అద్దమే. ముందు అంచు మీద, సరిగ్గా నడుమ, చిన్న గుంటలో శనగగింజంత తెల్లటి చుక్క ఉంది. ఆ పక్కనే ఆవగింజంత నల్లటి కన్ను. ఇవెందుకని గట్టయ్యను అడిగితే, సోకులకు పెట్టి ఉంటారని చేతులు తిప్పాడు.

“మల్ల ఎప్పుడొస్తవ్?”

“రోహిణి ఎల్లినంకనే. రోడ్డు కరుగుతాంది, టైర్లు అంటుకుంటున్నయ్.”

అంటే ఇది కూడా పాడైతే మాకు ఇంకోటి లేదు. ఉబ్బినదాన్ని నడిచినన్నాళ్లు నడవనిచ్చి, బుధవారం మంచి రోజు కాబట్టి అప్పుడు మారుద్దామని రాజేశం కాక అన్నాడు. ఇవాళే మార్చేద్దామని నాకు నోటిదాకా వచ్చింది. పెద్దాయన కదా అని ఊరుకున్నాను.

కృత్తిక, బుధవారం

రాయాలని లేదు. అయినా జరిగింది జరిగినట్టు రాయాలి.

మా దగ్గర కొత్త పనిముట్టు ఏది వచ్చినా ముందు పసుపు రాసి, మీద కుంకుమ బొట్టు పెట్టాకే వాడతాం. పారకైనా అంతే, పంపుకైనా అంతే. గాలి గదిలోకి వచ్చిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ మూత మీద అత్తే బొట్టు పెట్టేది. మామ పోయాక మానేసింది. తన చెయ్యి ఇక అలాంటివాటికి పనికిరాదని ఆమె పట్టుదల. పోయినేడు ఆ గాభరాలో నేను బిగించినదానికి ఎవరూ పెట్టనేలేదు.

ఈసారి నేనే పోయి బతిమాలాను.

“అత్తా, నువ్వు వెట్టకపోతే నేను ముట్ట.”

“నాతోని ఏం పనే? ముత్తైదులు లేరా బాయిల?”

“ఉన్నరు. నాకు నువ్వే కావాలె.”

చాలాసేపు గునిసింది. చివరికి పళ్లెం పట్టుకుని వచ్చింది. రాజేశం కాక, ఇంకో నలుగురు ఆడవాళ్లు గాలి గది గుమ్మంలో నిలబడ్డారు. అద్దం మీద పెట్టకు, మరకపడుతుంది అని నేనే చెప్పాను. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు అంచు మీద ఆ తెల్ల చుక్క కనిపించగానే మొహం వెలిగింది.

“సూడు, బొట్టు వెట్టుమని వాల్లే జాగ ఇడిసిండ్రు.”

అందరం నవ్వాం. ఆ చుక్క నిండా పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. దండం పెట్టింది. నేను మూత తెరిచాను.

తెర వెలిగింది. నా కళ్ల ముందే మళ్లీ నల్లబడింది. నల్లటి తెర మీద ఆ మాటే పడింది. ‘ఆయుష్షు తీరింది. కొత్తది తీసుకోండి.’

అత్త పళ్లెం కింద పెట్టేసింది. గబగబా పొడిగుడ్డతో కుంకుమ తుడిచాను, పసుపు మాత్రం అంటుకునే ఉంది. మూసి తెరిచాను, వైరు తీసి పెట్టాను. అదే మాట. గుమ్మంలో ఒకామె ఇంకొకామె చెవిలో ఏదో అన్నది. నాకు వినిపించింది, అత్తకూ వినిపించింది. ఆ మాట ఇక్కడ రాయను.

ఇంటికి వచ్చాక అత్త అన్నం ముట్టలేదు.

“నేను చెప్పిన్నా లేదా బిడ్డా? నా చెయ్యి పనికిరాదని చెప్పిన్నా లేదా?”

“చెయ్యికేమైందత్తా? మిషనే మంచిది గాదు.”

“నిన్న మొన్న పుట్టినదానికి ఆయుష్షు ఎట్ల తీరుతది? నా చెయ్యి వడవట్టే తీరింది.”

నాకే అంత భయంగా ఉంటే ఆమెకేం ధైర్యం చెప్పను? బతిమాలి తీసుకొచ్చింది నేను. ఆమె మానానికి ఆమెను వదిలేసినా బాగుండేది.

కృత్తిక, శనివారం

ఉబ్బినది ఇంకా నడుస్తున్నది. అంతకు మించి చెప్పడానికేమీ లేదు. తెర ఒక మూల నుంచి నల్లబడుతున్నది. ‘మ’ మీట ఊడి వచ్చింది. నిన్న రెండో తలుపు ఎవరూ చెప్పకుండానే మూసుకుని, మళ్లీ తెరుచుకుంది. నేను చక్రం దగ్గరికి పరుగెత్తేలోపే అదంతా అయిపోయింది.

ఇది ఆగితే చక్రాలు పట్టుకోవడానికి వంతులు వేస్తూ రాజేశం కాక మనుషులను పిలిచాడు. మూడో తలుపు పేరు వచ్చేసరికి అందరూ నేల చూపులు చూశారు. తిరుపతి చెయ్యెత్తాడు.

“మా బాపు నిలవడ్డ జాగ. నేనుంట.”

అత్త వినిపించుకోనట్టు ఆకు నమలసాగింది. ఇంటికి వచ్చి నేల మీది ల్యాప్‌టాప్‌ను మాత్రం ఇంతకు ముందెన్నడూ తిట్టనంత తిట్టింది.

తిరుపతి మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. అంతమందిలో మా ఇంటి మనిషే దొరికాడా ఆ మూలకు? అడిగితే తనేం చెబుతాడో తెలుసు కాబట్టి అడగలేదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

అత్త అన్న మాట నన్ను వదలడం లేదు. నిన్న మొన్న పుట్టినదానికి ఆయుష్షు ఎలా తీరుతుంది?

పొద్దున కొత్తదాన్ని మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను. బొట్టు పెట్టేదాకా బాగుంది, పెట్టాక పోయింది. చెయ్యి అచ్చిరాలేదనడం నేను నమ్మను. మరి బొట్టుకూ దీనికీ ఏమిటి సంబంధం? పసుపు పూర్తిగా పోగొట్టి చూద్దామని అత్త దీపపు వత్తుల దూది తీసుకుని, తడిపి, ఆ చుక్క మీద అద్ది రుద్దాను.

తెర వెలిగింది.

అరిచాను. దూది తీసి చూశాను, తెర ఆరిపోయింది. దూది పెట్టాను, వెలిగింది. తీశాను, ఆరింది. ఆ ఆవగింజంత కన్ను ఆ చుక్కనే చూస్తున్నది. తెల్లగా ఉంటే బతుకు, రంగు మారితే చావు. దాని ఆయుష్షంతా ఆ చుక్కలోనే పెట్టి పంపారు.

నీళ్లు తగిలాయని తెలుసుకోవడానికి పెట్టి ఉంటారు. తడిస్తే ఆ చుక్క ఎర్రబడుతుంది కాబోలు. ఎర్రబడితే ఇక బాగు చేయొద్దు, కొత్తది కొనుక్కోండి అని. వాళ్లకు కుంకుమ సంగతి తెలియదు, మాకు ఆ చుక్క సంగతి తెలియదు.

అక్కడితో ఆగి, ఆ దూదినే ఆరబెట్టి అతికించి ఉంటే సరిపోయేది. కానీ నాకు నిలకడ ఎక్కడిది? తెల్లగానే కదా కావాల్సింది, సున్నం కంటే తెల్లనిది ఏముందనుకుని పరుగెత్తి అత్త సున్నపు డబ్బీ తెచ్చి చుక్క మీద వేలితో మెత్తాను. పసుపు ఆనవాలు ఇంకా ఉన్న చోట సున్నం పడితే ఏమవుతుందో పెళ్లిళ్లలో పారాణి కలిపే నాకు తెలియదా? ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. చుక్క నెత్తురులా ఎర్రబడింది.

భయపడి ఇంకా నీళ్లు పోసి రుద్దాను. గుంటలోంచి నీళ్లు సందులోకి జారాయి. లోపల ఏదో చిటచిటమంది. ఈసారి తెల్ల దూది పెట్టినా, తెల్ల గుడ్డ పెట్టినా తెర వెలగలేదు. అత్త చేతి బొట్టు దాన్ని నిద్రపుచ్చింది. దాన్ని చంపింది నేను.

రాజేశం కాకకు ఇంకా చెప్పలేదు. తిరుపతికి చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

రోహిణి, శుక్రవారం

ఇప్పుడు చేతులు కుదురుగా ఉన్నాయి. రాయగలను.

మధ్యాహ్నం అన్నాలు తిని లేచే వేళకు గాలి గదిలో కాలిన వాసన వచ్చింది. ఉబ్బిన ల్యాప్‌టాప్ నడుమ పగిలి, సందులోంచి పొగ వస్తున్నది. వైరు పీకి, ఇసుక బకెట్లో పడేసి, గోనెసంచి కప్పాను. నేను ఇటు తిరిగేలోపే తలుపులు ధన్‌ధన్‌మని మూసుకున్నాయి. పోయినేడు విన్న చప్పుడే.

వంతుల వాళ్లు చక్రాలకు పరుగెత్తారు. మూడో తలుపు దగ్గరికి నేను చేరేసరికి తిరుపతి చక్రం తిప్పి పట్టుకుని ఉన్నాడు. మెడ నరాలు తేలాయి.

“లోపలికి పో. అవ్వను సూడు” అన్నాడు. అంతకు మించి మాట్లాడటానికి ఆయనకు ఊపిరి దండగ.

లోపల అత్త మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. ఆమె ఊపిరి నాకు గుమ్మంలోకే వినిపిస్తున్నది. పక్కన నేల మీద తమలపాకుల డబ్బా, దాని కింద ఆ ల్యాప్‌టాప్. దాన్ని ఎన్నోసార్లు చూశాను. ఆ పూట చూసినట్టు ఎన్నడూ చూడలేదు.

డబ్బా పక్కకు తోసి దాన్ని తిరగేశాను. పొట్ట మీద, రబ్బరు కాళ్ల నడుమ, చిన్న గుంటలో ఒక చుక్క. పక్కనే ఆవగింజంత కన్ను. చుక్క ఎర్రగా ఉంది.

దానికి ఎవరూ అక్కడ బొట్టు పెట్టలేదు. ఎవరూ నీళ్లు పోయలేదు. మా బాయి గోడలు ఏడాది పొడుగునా చెమరుస్తాయి. ఆ చెమ్మకే అది ఎర్రబడి ఉంటుంది. ఇన్నేళ్లూ ఆగిపోయినవాటి మీద ఎర్ర చుక్క కనబడితే మేము పుట్టుమచ్చ అనుకున్నాం.

“అత్తా, సున్నం!”

“ఏందే?” అన్నది ఆయాసపడుతూ. “గీ సచ్చినోనికి సున్నమా?”

“ఇయ్యి అత్తా, తిరుపతి ఆడ చక్రం పట్టుకొని ఉన్నడు!”

ఆ పేరు వినగానే డబ్బీ నా చేతికి అందించింది. వేలితో సున్నం తీశాను. ఈసారి పసుపు లేదు, పారాణి కాదు. అయినా ఎక్కడ కన్ను మీద పడుతుందోనని వేలు పెట్టడానికి వెనకాడాను. అత్త చూసి నా చెయ్యి పక్కకు తోసింది. ఎన్ని వేల ఆకులకు సున్నం రాసిన వేలో అది. తానే మెల్లగా, చుక్కంత మేర, గుంట అంచు దాటకుండా పల్చగా రాసింది. నోటితో ఊదబోయింది, ఊదడానికి ఊపిరి లేదు. నేను ఊదాను.

ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో అత్తను పట్టుకుని బయటికి వచ్చాను. తలుపు దాటుతుంటే తిరుపతి కళ్లు మూసుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు, తల మాత్రం ఊపాడు. అత్త ఆగింది. కొడుకును పట్టుకుని అక్కడే నిలబడతానంది. లాక్కుని గాలి గదికి తీసుకుపోయాను. నన్ను ఆ పూట ఆమె ఎన్ని మాటలన్నదో, అన్నీ నిజాలే.

వైరు పెట్టాను. ఏమీ లేదు. చుక్క వైపు చూశాను. అంచుల్లో సున్నం ఇంకా తడిగా, బూడిదరంగులో ఉంది. విసనకర్ర లేదు, కొంగుతో విసిరాను. దేవుళ్లందరికీ మొక్కాను. నాకు పడని దేవుళ్లకు కూడా మొక్కాను. సున్నం మెల్లగా ఆరుతూ నడుమ నుంచి తెల్లబడుతూ వచ్చింది.

తెర వెలిగింది. ఆయుష్షు మాట లేదు. ఏడాది కింద ఏ పని నడుమ ఆగిపోయిందో ఆ పనే అందుకుంది. తెర మీద ఒక్క వాక్యం పడింది.

‘మూడో తలుపు తెరుస్తున్నాను.’

దూరంగా మూడో తలుపు కిర్రుమని పూర్తిగా తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత రెండోది, తర్వాత నాలుగోది. చెవుల పక్కనుంచి గాలి పోయింది. అత్త నేల మీద కూలబడి ఆ గాలిని నోటితో తాగింది.

కాసేపటికి ఇద్దరు పట్టుకుని తిరుపతిని తెచ్చారు. మొహం పాలిపోయింది గానీ నడుస్తున్నాడు. అరచేతులు కమిలిపోయాయి. వాటినే చూసుకుంటున్నాడు.

“నేను ఇడువలే స్వరూపా. చక్రమే నా చేతులకెల్లి తిరిగింది. దానంతటదే.”

అత్త కొడుకును తడిమి చూసుకుంది. తర్వాత బల్ల మీది ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. తెర మీద తలుపుల అంకెలు పచ్చగా కదులుతున్నాయి. ఆమె ఏం అడగబోతున్నదో నాకు తెలిసింది. ఆ ప్రశ్న రాకూడదని కోరుకున్నాను.

“అంటే, ఆ రోజు ఇది సావలేదా?”

అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. నావల్ల కాలేదు.

“లేదత్తా. మంచిగనే ఉండె. సుక్క ఎర్రవడ్డది, గంతే.”

“మరి గప్పుడు జరంత సున్నం వెడితే…”

“లేస్తుండె.”

తిరుపతి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బల్ల పట్టుకుని లేచి, ఆ ల్యాప్‌టాప్ వీపు మీద చెయ్యి వేసింది. ఏడాదిగా డబ్బా పెట్టిన చోట తుప్పు వలయం ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దింది.

“ఏడాది సంది నిన్ను తిడుతున్నగదరా” అన్నది. “ఒక్కపారన్న చెప్పకపోతివి.”

రోహిణి, ఆదివారం

ఆ చుక్క సంగతి పక్క బాయిలన్నింటికీ కబురు పంపాం. వాళ్లు మూలన పడేసినవాటిని తిరగేసి చూస్తున్నారట. కొన్ని నిజంగానే పోయినవి. లేచినవే ఎక్కువట. ఆ మాట విని రాజేశం కాక తల పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నింటిని బండెక్కించామో ఆయనకే తెలుసు.

నాకు భయం పోలేదు. ఇది కూడా పాతదే, దీనికీ మరలు లేవు, దీని పొట్ట కూడా ఏదో ఒక రోజు ఉబ్బుతుంది. మిరుగు దాకా రోజూ దాని మీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉంటాను.

ఇవాళ పొద్దున, ఆ రోజు గుమ్మంలో చెవులు కొరుక్కున్న ఆమె మా ఇంటికి వచ్చింది. తమ గల్లీ పంపుకు కొత్త మోటారు వచ్చిందని, బొట్టు పెట్టడానికి ఓదెమ్మ రావాలని అడిగింది. నేను అత్త వైపు చూశాను.

అత్త ఆకు నములుతూ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

“మోటరును ముందుగాల తిరగేసి సూడు. తెల్ల సుక్క ఉన్నదేమో సూసినంక పిలువు” అన్నది.

ఆమె వెళ్లాక అత్త గాలి గదికి వచ్చింది. ల్యాప్‌టాప్‌ను అంచు పట్టి లేపి, పొట్ట మీది చుక్కకు సున్నం కొత్తగా రాసింది. వేలికి కొంచెం మిగిలింది. దాన్ని చీరకు తుడుచుకోలేదు. మూడో తలుపు దగ్గరికి నడిచి, మామ పట్టుకున్న చక్రానికి బొట్టులా పెట్టింది.